టెన్త్ తర్వాత పని నేర్చుకుంటూ స్టైపెండ్.. అప్రెంటిస్ ఒప్పందంపై సంతకం పెట్టే ముందు తల్లిదండ్రులు చూడాల్సినవి ఇవే

గోదావరి జిల్లాల్లో పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలో ఏ ఇంట్లో చూసినా ఒకటే చర్చ. ఎంపీసీనా, బైపీసీనా? ఏ కాలేజీ? ఫీజు ఎంత? ఈ లెక్కల్లో ఇమడని పిల్లలు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. పుస్తకం ముందు పది నిమిషాలు కూర్చోలేడు గానీ, చేలో పాడైన మోటారు విప్పమంటే అన్నం సంగతి కూడా మర్చిపోతాడు. అలాంటి కుర్రాడిని తెలిసినవాళ్ల మెకానిక్ షెడ్డులో పెట్టేయడం ఇక్కడ మామూలే. ఏడాది, రెండేళ్లు జీతం ఉండదు. అడిగితే 'పని నేర్పుతున్నాం కదా' అంటారు.

అదే పనిని చట్టప్రకారం, నెలనెలా స్టైపెండ్ తీసుకుంటూ, చివర్లో దేశమంతా చెల్లే సర్టిఫికెట్‌తో నేర్చుకునే దారి 1961 నుంచీ ఉంది. అదే అప్రెంటిస్‌షిప్. ఆర్టీసీ డిపో, రైల్వే షెడ్డు, ఓఎన్జీసీ, ప్రైవేటు ఫ్యాక్టరీ.. ఎక్కడైనా సూత్రం ఒకటే. ఓడల్లో అయితే క్యాడెట్ అంటారు, దాని నిబంధనలు వేరు. షెడ్డుకీ దీనికీ తేడా పనిలో కాదు, కాగితంలో ఉంది. పిల్లాడికి 18 ఏళ్లు నిండకపోతే ఆ కాగితంపై సంతకం పెట్టాల్సింది తల్లో తండ్రో. కాబట్టి ఈ వివరాలు పిల్లల కంటే ముందు పెద్దలకు తెలియాలి.

స్టైపెండ్ ఎంత వస్తుంది?

అప్రెంటిస్‌షిప్ నిబంధనలను 2019లో సవరించి, చదువును బట్టి కనీస స్టైపెండ్ ఖరారు చేశారు. ఐదు నుంచి తొమ్మిదో తరగతి వరకు చదివినవారికి నెలకు 5,000 రూపాయలు. టెన్త్ పాసైతే 6,000. ఇంటర్, ఐటీఐ లేదా ఒకేషనల్ సర్టిఫికెట్ ఉంటే 7,000. డిప్లొమాకు 8,000, డిగ్రీకి 9,000. శిక్షణ రెండో ఏడాదికి వెళ్తే 10 శాతం, మూడో ఏడాదిలో 15 శాతం పెంచాలి. ఇవన్నీ కనీస మొత్తాలు. సంస్థ ఇంతకంటే ఎక్కువ ఇవ్వొచ్చు, తక్కువ ఇవ్వడానికి లేదు. ఈ మొత్తాలను 36 శాతం పెంచాలని కేంద్ర అప్రెంటిస్‌షిప్ కౌన్సిల్ 2025 మేలో సిఫార్సు చేసింది. అందుకే దరఖాస్తు పెట్టే రోజున నోటిఫికేషన్‌లో ఏ రేటు రాశారో చూసుకోవాలి, పాత వీడియోల్లో చెప్పిన అంకెలు పట్టుకుని కూర్చోకూడదు.

ఇందులో కొంత భాగం కేంద్రం భరిస్తుంది. 2016లో మొదలైన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద స్టైపెండ్‌లో 25 శాతం, గరిష్ఠంగా నెలకు 1,500 రూపాయలు, నేరుగా అప్రెంటిస్ ఖాతాలో పడుతుంది. అమ్మ ఖాతా నంబరు ఇస్తే సరిపోదు. పిల్లాడి పేరు మీదే ఖాతా ఉండాలి, దానికి ఆధార్ అనుసంధానం జరిగి ఉండాలి. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ డబ్బు ఆగిపోయేది ఇక్కడే. టెన్త్ మార్కుల మెమోలో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా పేరు ఉంటే ముందే సరిచేయించాలి. సంస్థ ఇచ్చే వాటా మరుసటి నెల 10వ తేదీలోపు చెల్లించాలన్నది నిబంధన.

ఈ డబ్బుతో ఇల్లు గడుస్తుందనుకుంటే పొరపాటే. అమలాపురానికి ఇప్పటికీ రైలు లేదు. అక్కడి నుంచి రోజూ రాజమండ్రి వచ్చి వెళ్లాలంటే బస్సే దిక్కు, రాకపోకలకే పూట గడిచిపోతుంది. గది తీసుకుంటే 7,000లో అద్దె, భోజనం పోగా మిగిలేది కొంచెమే. అమ్మాయిలకు మాత్రం ఒక వెసులుబాటు వచ్చింది. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీ శక్తి పథకంతో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో వారికి టికెట్ లేదు. ఊళ్లో నుంచే వెళ్లొచ్చే అమ్మాయికి స్టైపెండ్ దాదాపు పూర్తిగా మిగులుతుంది.

ఎక్కడ దొరుకుతుంది?

ముందుగా ఒక మాట. టెన్త్‌తో నేరుగా చేరే అవకాశాలు ఉన్నా, ప్రభుత్వ సంస్థల్లో ఎక్కువ సీట్లు ఐటీఐ చేసినవారికే. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ రెండేళ్ల కోర్సులు. డీజిల్ మెకానిక్, వెల్డర్, కంప్యూటర్ ఆపరేటర్ కోర్సు 'కోపా' ఏడాదివి. ఈ మెట్టు దాటితే దారులు బాగా తెరుచుకుంటాయి.

ఆర్టీసీ సంగతి చూస్తే, డిపోల్లో డీజిల్ మెకానిక్, మోటార్ మెకానిక్, ఎలక్ట్రీషియన్, వెల్డర్, పెయింటర్, ఫిట్టర్ ట్రేడ్లకు అప్రెంటిస్‌లను తీసుకుంటారు. రాత పరీక్ష ఉండదు, ఐటీఐ మార్కులే చూస్తారు. ఇక్కడ జిల్లాల మెలిక ఒకటుంది. 2022 ఏప్రిల్ 4న ఉమ్మడి తూర్పు గోదావరి నుంచి కాకినాడ, కోనసీమ విడిపోయాయి. పశ్చిమ నుంచి ఏలూరు విడిపోయింది. తూర్పు వైపు మూడు జిల్లాల దరఖాస్తులు విజయనగరం శిక్షణ కళాశాల చూస్తే, పశ్చిమ గోదావరి, ఏలూరు జిల్లాలవి విజయవాడ చూస్తుంది. కొవ్వూరు, నిడదవోలు వైపు వాళ్లు పాత అలవాటు కొద్దీ 'మాది పశ్చిమే' అనుకుంటారు. ఇప్పుడు అవి తూర్పు గోదావరి జిల్లాలో ఉన్నాయి. నోటిఫికేషన్‌లో తమ జిల్లా పేరు వెతుక్కున్నాకే ఫారం నింపాలి.

రైల్వే అయితే కనీస వయసు 15 ఏళ్లు, గరిష్ఠంగా 24. టెన్త్‌లో 50 శాతం మార్కులు, సంబంధిత ట్రేడ్‌లో ఐటీఐ ఉండాలి. టెన్త్, ఐటీఐ మార్కుల సగటుతో మెరిట్ లిస్టు వేస్తారు. రాజమండ్రి, సామర్లకోట, భీమవరం, నరసాపురం అన్నీ విజయవాడ డివిజన్‌లోనివే కాబట్టి ఈ ప్రాంత పిల్లలకు అది దగ్గర. రైల్వేకి ఇంకో ఆకర్షణ ఉంది. రైల్వేలో అప్రెంటిస్‌షిప్ పూర్తి చేసి సర్టిఫికెట్ పొందినవారికి లెవెల్-1 ఉద్యోగాల్లో, అంటే జనం గ్రూప్-డి అనే వాటిలో, 20 శాతం ఖాళీలు కేటాయిస్తారు. పరీక్ష రాయాల్సిందే. కానీ పోటీ పడేది ఆ గుంపుతోనే.

రాజమండ్రి అనగానే గుర్తొచ్చేది ఓఎన్జీసీ. దేశవ్యాప్తంగా ఇచ్చే అప్రెంటిస్ నోటిఫికేషన్‌లో దక్షిణ సెక్టార్ కింద రాజమండ్రి, కాకినాడ కేంద్రాలు కనిపిస్తాయి. ఇక్కడ కనీస వయసు 18. పదిహేనేళ్లకు టెన్త్ పాసై, రెండేళ్ల ఐటీఐ ముగించిన కుర్రాడికి 17 ఏళ్లే ఉంటాయి. ఓఎన్జీసీ కోసం ఏడాది ఆగాలా, రైల్వేలో చేరిపోవాలా? ఈ ప్రశ్న ఐటీఐలో చేర్చే రోజే వేసుకోవాలి. పుట్టిన తేదీ చేతిలో పెట్టుకుని లెక్క వేయడం పెద్దలు చేయగల పనుల్లో ఒకటి. విశాఖలోని నేవల్ డాక్‌యార్డ్ అప్రెంటిస్ స్కూల్ కూడా ఐటీఐ పిల్లలకు మంచి గమ్యమే, కాకపోతే ఇల్లు వదిలి వెళ్లాలి.

ఇక ప్రైవేటు. కాంట్రాక్టు సిబ్బందితో కలిపి 30 మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే ఏ సంస్థ అయినా తన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం మేర అప్రెంటిస్‌లను పెట్టుకోవాల్సిందే. నలుగురి నుంచి 29 మంది వరకు ఉంటే వారి ఇష్టం. ఈ లెక్కన రాజమండ్రి పేపరు మిల్లు, తణుకు పంచదార ఫ్యాక్టరీ, కాకినాడ ఎరువుల కర్మాగారాల స్థాయి సంస్థలే కాదు, భీమవరం చుట్టుపక్కల రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లు, పెద్ద రైసు మిల్లులు, హోటళ్లు, ఆసుపత్రులు కూడా లెక్కలోకి వస్తాయి. పాటించని సంస్థకు ఒక్కో ఖాళీకి మొదటి మూడు నెలలు నెలకు 500, తర్వాత నెలకు 1,000 రూపాయల జరిమానా. ఆ మొత్తానికి భయపడే ఫ్యాక్టరీ ఏది? అందుకే చాలాచోట్ల గేటు మీద నోటీసు కనిపించదు. పిల్లాడితో కలిసి వెళ్లి ఆఫీసులో అడగడం, కేంద్రం నడిపే అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్‌లో జిల్లా పేరుతో వెతకడం.. ఈ రెండూ చేయాల్సిందే.

సంతకానికి ముందు

పోర్టల్‌లో ఒప్పందం నమోదు కాకపోతే అది అప్రెంటిస్‌షిప్ కాదు. సంస్థ లెటర్‌హెడ్ మీద 'శిక్షణ' అని రాసిచ్చినా, ఐడీ కార్డు మెడలో వేసినా లెక్క లేదు. నమోదైన ఒప్పందానికి నంబరు వస్తుంది. అందులో ట్రేడ్ పేరు, వ్యవధి, స్టైపెండ్ స్పష్టంగా ఉంటాయి. మైనర్ తరఫున సంతకం చేసే తల్లిదండ్రులు చదవాల్సింది ఈ మూడు గడులే. 'ఎలక్ట్రీషియన్' అని చెప్పి ఒప్పందంలో ప్యాకింగ్ అసిస్టెంట్ అని ఉంటే అక్కడే ఆగిపోవాలి.

ఎందుకంటే ఈ అవకాశం పదేపదే రాదు. ఇంతకుముందు ఎక్కడైనా అప్రెంటిస్‌షిప్ చేసినవారు, చేస్తున్నవారు అనర్హులని ప్రభుత్వ రంగ సంస్థల నోటిఫికేషన్లలో షరతు ఉంటుంది. పోర్టల్‌లో పేరు కనపడగానే తెలిసిపోతుంది. తొందరపడి ఏదో చిన్న సంస్థలో అట్టపెట్టెలు కట్టే పనికి సంతకం చేస్తే, ఆ తర్వాత ఆర్టీసీ, రైల్వే, ఓఎన్జీసీ తలుపులు మూసుకుపోవచ్చు. నెలకు ఆరేడు వేలు వస్తున్నాయని చూసుకుంటే పెద్ద నష్టం ఇక్కడ జరుగుతుంది.

మధ్యలో మానేస్తే? ఒప్పందం రద్దుకు ఇరువైపులా ఎవరైనా అప్రెంటిస్‌షిప్ అడ్వైజర్‌కు దరఖాస్తు చేయాలి. తప్పు సంస్థదని తేలితే అప్రెంటిస్‌కు మూడు నెలల స్టైపెండ్‌తో సమానమైన పరిహారం ఇవ్వాలి. తప్పు అప్రెంటిస్‌దైతే అంతే మొత్తం శిక్షణ ఖర్చు కింద సంస్థకు కట్టాలి, మైనర్ అయితే సంతకం చేసిన సంరక్షకుడు కట్టాలి. ఇల్లు గుర్తొచ్చి పండక్కి వచ్చిన కుర్రాడు తిరిగి వెళ్లనని మొండికేస్తే లెక్క ఇంట్లోవాళ్ల మీద పడుతుందన్నమాట. చేర్చే ముందు ఒకరోజు ఆ డిపోనో ఫ్యాక్టరీనో చూపించి తీసుకురావడం మేలు. గ్రీజు వాసన, మిషన్ల మోత, ఎనిమిది గంటలు నిలబడటం.. ఇవి ఫోన్ వీడియోలో తెలిసేవి కావు.

పని పేరుతో వాడుకుంటే

చట్టంలో అప్రెంటిస్ ఉద్యోగి కాదు, శిక్షణార్థి. అందుకే పీఎఫ్, ఈఎస్ఐ వర్తించవు. దీన్ని చూసి 'హక్కులేమీ లేవు' అనుకోవడం తప్పు. పనిచోట భద్రత, ఆరోగ్య నిబంధనలు కార్మికుడికి ఎలాగో అప్రెంటిస్‌కూ అలాగే. శిక్షణలో గాయపడితే సంస్థ పరిహారం ఇవ్వాలి. అడ్వైజర్ అనుమతి లేకుండా ఓవర్‌టైమ్ చేయించకూడదు. శిక్షణతో సంబంధం లేని పని చెప్పకూడదు. చెబితే జరిమానా ఉంది.

గోదావరి జిల్లాలకు బాగా వర్తించే నిబంధన ఇంకొకటి. పీస్‌వర్క్ లెక్కన, అంటే ఇన్ని కిలోలకు ఇన్ని రూపాయలు అంటూ అప్రెంటిస్‌కు డబ్బు కట్టకూడదు. రొయ్యల షెడ్లలో తల తీసే పనికి కిలో లెక్కన ఇవ్వడం అందరికీ తెలిసిందే. ఎవరైనా టీనేజ్ అమ్మాయిని 'ట్రైనింగ్' అని పిలిచి కిలో లెక్కన ఇస్తుంటే అది అప్రెంటిస్‌షిప్ కాదు, మామూలు కూలి పని. వయసు విషయంలోనూ గీత ఉంది. అప్రెంటిస్‌కు కనీసం 14 ఏళ్లు నిండాలి, ప్రమాదకర పరిశ్రమల్లో 18. కెమికల్ ప్లాంటులో పదహారేళ్ల పిల్లాడికి సీటు ఇస్తామని ఎవరైనా అంటే సంతోషించకుండా ప్రశ్నించాలి.

సర్టిఫికెట్ దగ్గర తేడా

శిక్షణ ముగిశాక సంస్థ ఇచ్చే 'పనిచేశాడు' అనే లెటర్ వేరు, జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ వేరు. రెండోది రావాలంటే అఖిల భారత స్థాయి ట్రేడ్ పరీక్ష పాసవ్వాలి. రైల్వే 20 శాతం కోటాకు అడిగేది ఈ సర్టిఫికెట్‌నే. ఏడాది పొడవునా డిపోకు వెళ్లి, పరీక్ష ఫీజు కట్టే తేదీ మర్చిపోతే ఆ శ్రమలో సగం పోయినట్టే. ఆ తేదీని క్యాలెండర్ మీద రాసి పెట్టుకోవడం మంచిది.

ఉద్యోగం గ్యారంటీనా అని అందరూ అడుగుతారు. కాదు. శిక్షణ తర్వాత ఉద్యోగం ఇచ్చి తీరాలని చట్టం సంస్థను బలవంతపెట్టదు. అయితే ఉత్తరప్రదేశ్ ఆర్టీసీ కేసులో 1995లో సుప్రీంకోర్టు ఒక విషయం తేల్చింది. మిగతా అర్హతలు సమానమైనప్పుడు, నేరుగా వచ్చిన అభ్యర్థి కంటే శిక్షణ పొందిన అప్రెంటిస్‌కు ప్రాధాన్యం ఇవ్వాలని చెప్పింది. అసలు ఖాళీలే భర్తీ చేయకపోతే ప్రాధాన్యం ఏం చేసుకుంటారన్నది వేరే చర్చ.

చదువు ఆగిపోతుందన్న భయం కూడా అక్కర్లేదు. ఐటీఐ చేసినవారు బ్రిడ్జి కోర్సుతో పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరే వీలు రాష్ట్రంలో ఉంది. డిప్లొమా తర్వాత ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదికి వెళ్లొచ్చు. ఎంపీసీ దారిలో వెళ్లినవాళ్లు చేరే చోటికే, కొంచెం ఆలస్యంగా, చేతిలో పనితో చేరతారు.

ఓడ మీద క్యాడెట్.. ఇక్కడ జాగ్రత్త మరింత అవసరం

కాకినాడ రేవు, ఉప్పాడ తీరం చూస్తూ పెరిగిన పిల్లలకు మర్చంట్ నేవీ మీద మోజు సహజం. యూనిఫాం, డాలర్లు, రీల్స్. దారి నిజంగానే ఉంది. ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీలో సగటున 60 శాతం, ఇంగ్లిష్‌లో 50 శాతం మార్కులున్నవారు ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష రాసి, ఏడాది నాటికల్ సైన్స్ డిప్లొమా చేస్తారు. తర్వాత 18 నెలలు ఓడ మీద డెక్ క్యాడెట్‌గా శిక్షణ, ఆ కాలంలో కంపెనీ స్టైపెండ్ ఇస్తుంది. ఆపై సెకండ్ మేట్ పరీక్ష. టెన్త్ అర్హతతో జీపీ రేటింగ్ అనే ఆరు నెలల కోర్సు కూడా ఉంది, అది ఆఫీసరు కాకుండా సిబ్బంది స్థాయిలో ఓడ ఎక్కడానికి. కంటి చూపు పరీక్ష కఠినంగా ఉంటుంది. ఇది ముందే చేయించకుండా ఫీజు కట్టడం తెలివితక్కువ పని.

ఈ దారిలో కుటుంబాలు దెబ్బతినేది కోర్సు దగ్గర కాదు, ఓడ ఎక్కించే దగ్గర. కోర్సు పూర్తయినా క్యాడెట్ బెర్తు దొరక్క తిరిగేవారిని ఏజెంట్లు పట్టుకుంటారు. లక్షలు ఇస్తే ఓడ ఎక్కిస్తామంటారు. నావికుడికి ఉద్యోగం ఇప్పించినందుకు అతని దగ్గర డబ్బు తీసుకోవడమే నిషేధం. సిబ్బందిని నియమించే సంస్థకు డైరెక్టర్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ ఇచ్చిన ఆర్పీఎస్ఎల్ లైసెన్సు ఉండాలి. ఆ నంబరు డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు. లైసెన్సు నంబరు అడగగానే మాట మార్చే ఏజెంట్‌తో ఇంకో నిమిషం మాట్లాడాల్సిన పని లేదు. కాలేజీలో చేరే ముందే ఓడ కంపెనీ స్పాన్సర్‌షిప్ సంపాదించుకున్న విద్యార్థికి, ముందు ఫీజు కట్టి తర్వాత కంపెనీని వెతుక్కునే విద్యార్థికి మధ్య భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా ఉంటుంది. గల్ఫ్ ఏజెంట్ల వ్యవహారాలు చూసిన కోనసీమ కుటుంబాలకు ఈ మాట విడమరచి చెప్పక్కర్లేదు.

డిపోలో అప్రెంటిస్ సీటుకూ ఇలాంటి దళారులే తిరుగుతుంటారు. రైల్వే, ఆర్టీసీ, ఓఎన్జీసీ మూడింట్లోనూ ఎంపిక మార్కుల మెరిట్ మీదే జరుగుతుంది. నోటిఫికేషన్‌లో రాసిన దరఖాస్తు, పరిశీలన రుసుము తప్ప ఎవరికీ రూపాయి ఇవ్వనక్కర్లేదు. ఐటీఐలో చదువుతున్నవారికి కాలేజీ ప్లేస్‌మెంట్ ఆఫీసరే మొదటి సమాచారం. దరఖాస్తుకు టెన్త్ మెమో, ఐటీఐ మార్కుల షీట్లు, ఆధార్, కుల ధ్రువీకరణ పత్రం, బ్యాంకు పాస్‌బుక్ స్కాన్ చేసి ఫోన్‌లోనే ఒక ఫోల్డరులో ఉంచుకుంటే చివరి రోజున నెట్ సెంటర్ దగ్గర క్యూ కట్టే పని తప్పుతుంది.